భూపాలపల్లి జీపు బేరం

నవంబర్ 30, 2009

ఈ డైరీ జనవరిలో ఎరువుల దుకాణం వాళ్ళు ఊరికే ఇచ్చారు. పదకొండు నెలలుగా మా ఆవిడ ఉమ దీని మీద పాలగిన్నె పెడుతోంది. ప్రత్యేక రాష్ట్రం కోసం ఇవాళ బంద్. మా మానుకోట, అదే మహబూబాబాద్, మొత్తం మూసేశారు, టీ నీళ్ళు కూడా దొరకలేదు. తండాలో కూర్చుని చేసే పని లేక గిన్నె పక్కన పెట్టి రాస్తున్నాను. మా లంబాడీకి లిపి లేదు కాబట్టి తెలుగులో రాస్తున్నాను. తిట్టుకునేది మాత్రం మా భాషలోనే, తిట్లకు లిపితో పనిలేదు.

సంగతి ఇదీ. జనవరి ఆఖర్లో మేడారం జాతర. రెండేళ్ళకోసారి వస్తుంది. ఆ నాలుగు రోజులూ అడవి దారుల్లో, వాగుల్లో, బురదలో జనాన్ని మోయడానికి ఫోర్ వీల్ జీపు ఉన్నవాడు రాజు. మామూలు జీపు ఉన్నవాడు తాడు పట్టుకుని ఆ రాజు కోసం ఎదురుచూసేవాడు. జాతరలోపు ఫోర్ వీల్ జీపు కొంటే ఇక్కడే బతుకుతాం. కొనకపోతే హైదరాబాద్ పోదామని, అక్కడ వాళ్ళ తమ్ముడు ఏదో అపార్ట్‌మెంట్‌లో వాచ్‌మన్ పని చూశాడని ఉమ తేల్చి చెప్పింది. శివాజీ అని పేరు పెట్టుకుని నేను ఒకరికి గేటు తీయాలా?

పాత జీపు నాదీ, మా అన్న హీర్యాదీ. పోయిన ఏడాది వానల్లో వాగులో కొట్టుకుపోయింది. ఫోర్ వీల్ గేరు వేయకపోవడం వల్ల పోయింది. వేయనిది అన్న. బండి నడిపింది నేనే, కానీ ఆ గేరు సంగతి చూసుకోవడం మొదటినుంచీ అన్న పని. ఆ రోజు నుంచి మాకు మాటల్లేవు. ఒకే గోడకు అటు వాళ్ళిల్లు, ఇటు మా ఇల్లు.

బండి మంచిచెడ్డలు అన్నకు తెలుసు, శివాజీకి హారన్ కొట్టడం తెలుసు అని తండాలో అంటారు. తండా వాళ్ళు లక్ష అంటారు.

డిసెంబర్ 2

ఖదీర్ భాయ్‌ను వెంటబెట్టుకుని దేవరుప్పులకు పోయాను. ఖదీర్ భాయ్ మానుకోట పశువుల అంగడిలో ఎద్దుల బేరాలు చేసీ చేసీ తలపండిన మనిషి. ఇప్పుడు ట్రాక్టర్లు, జీపులు కూడా చూస్తున్నాడు కానీ పద్ధతి మాత్రం మార్చలేదు. బండి చుట్టూ ఒక చుట్టు తిరుగుతాడు, వెనక నిలబడి నడక చూస్తాడు, బానెట్ ఎత్తి పళ్ళు చూసినట్టు చూస్తాడు.

బండి ఒక పటేల్‌ది. పాకలో కోళ్ళ గంపల కింద దొరికింది.

"పటేలా, మీటరు పన్నెండు వేల కాడ ఆగింది గదా?" అన్నాను.

"తక్కువ తిరిగింది తమ్మీ."

"ఎన్నేండ్ల సంది తక్కువ తిరుగుతున్నది?" అన్నాడు ఖదీర్ భాయ్.

ఫోర్ వీల్ గేరు వేసి చూద్దామని కడ్డీ లాగితే కడ్డీ చేతిలోకి వచ్చేసింది. పటేల్ ఏమాత్రం తొణకలేదు. "గది మేం ఎక్కువ వాడలె" అన్నాడు. కడ్డీని ఆయన చేతిలో పెట్టి, దండం పెట్టి వచ్చేశాం.

డిసెంబర్ 6

జనగామలో ఇంకో బండి. పోయేసరికి రోడ్డు మీద రాస్తారోకో, వంటావార్పు. హైవే మధ్యలో పొయ్యిలు పెట్టి అన్నం, టమాట పప్పు వండుతున్నారు. లారీ డ్రైవర్లు తిడుతూనే వరసలో కూర్చుని తింటున్నారు. మేమూ కూర్చున్నాం. నినాదం ఇచ్చినవాళ్ళకే రెండో గంటె అన్నారు, గట్టిగానే ఇచ్చాను. రాష్ట్రం సంగతి దేవుడెరుగు, పప్పు మాత్రం బాగుంది.

బండి చూడ్డానికి బాగానే ఉంది. అన్న అయితే స్క్రూడ్రైవర్ మొన ఇంజనుకు ఆనించి, పిడి చెవికి పెట్టుకుని వినేవాడు. నేనూ అట్లే పెట్టి విన్నాను. ఏదో వినబడింది. ఏమిటో తెలియలేదు. తెలిసినట్టు తలూపాను.

"ఏమంటున్నది?" అన్నాడు ఖదీర్ భాయ్.

"అది... మంచిగనే అంటున్నది."

"మంచిగంటే ఎట్ల? కొందామా, వద్దా?"

వద్దన్నాను. ఎందుకు వద్దన్నానో బస్సులో మూడుసార్లు అడిగాడు. నిద్రపోయినట్టు నటించాను.

డిసెంబర్ 8

గోడ అవతల దగ్గు వినబడుతోంది. అన్న భూపాలపల్లి నుంచి వచ్చినట్టున్నాడు. జీపు పోయాక అక్కడ బొగ్గు గనుల దగ్గర ఎవరో కాంట్రాక్టరుకు డ్రైవర్‌గా చేరాడు. దగ్గుకోనీ, నాకేం.

డిసెంబర్ 10

రాష్ట్రం ఇస్తున్నామని రాత్రి ఢిల్లీ నుంచి ప్రకటన వచ్చింది. తండాలో నిద్రపోయినవాడు లేడు. రాజమౌళి సారు బడి గంట తెచ్చి కొట్టాడు. మా యాడి, అంటే మా అమ్మ గంగి, అర్ధరాత్రి చుట్ట ముట్టించుకుని పాటెత్తుకుంది. నేను ఎగిరాను. అవతల మంట దగ్గర అన్న కూడా ఎగురుతున్నాడు. ఇద్దరం ఒకే పాటకు ఎగిరాం గానీ, ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా ఎగిరాం. అది చాలా కష్టం.

పొద్దున్నే ఖదీర్ భాయ్ ఫోన్. భూపాలపల్లిలో జగపతి అనే కాంట్రాక్టరు ఫోర్ వీల్ జీపు అమ్ముతున్నాడట. మొన్నటిదాకా లక్షా నలభై అన్నవాడు ఇవాళ లక్షా డెబ్బై అంటున్నాడట.

"ఒక్క రాత్రికే ముప్పై వేలు ఎట్ల పెరిగింది భాయ్?"

"రాష్ట్రం వచ్చిందంటున్నడు. ఇగ అన్నీ కొత్త పనులే, జీపులు దొరకయంటున్నడు."

రాష్ట్రం వచ్చి ఇంకా తెల్లారనే లేదు, నా మీద అప్పుడే పన్ను పడింది.

డిసెంబర్ 13

చూశాను. ఇదే నా జీపు. ఆకుపచ్చ రంగు, కొత్త టాపు, టైర్లలో ఇంకా ప్రాణం ఉంది. నంబరు ప్లేటు మీద ఏపీ చెరిపేసి టీజీ అని రాయించాడు జగపతి, దానికీ రేటు కలిపినట్టున్నాడు. ఫోర్ వీల్ గేరు వేస్తే వెన్నలో కత్తిలా దిగింది. వంగి కింద కూడా చూశాను. ముందు ఇరుసుకు కూడా నిగనిగలాడేలా రంగు పూయించాడు. ఎవరూ చూడని చోట కూడా రంగు వేయించే మనిషి బండిని ఎంత శ్రద్ధగా చూసుకుని ఉంటాడు! స్క్రూడ్రైవర్ అవసరం కూడా పడలేదు.

బేరం ఖదీర్ భాయ్ తన పద్ధతిలోనే చేశాడు. భుజం మీది తువ్వాల తీసి జగపతి చేతి మీద కప్పి, తన చెయ్యి దాని కిందికి పోనిచ్చాడు. పశువుల అంగడిలో అంతే. చుట్టూ ఉన్నవాళ్ళకు ధర తెలియకుండా వేళ్ళతోనే మాట్లాడుకుంటారు. లక్ష అని ముందే అనుకున్నారు కాబట్టి, ఆ పైన ఒక్కో వేలు పట్టుకుంటే ఒక్కో పది వేలు. మొహాలు మాత్రం వాన వస్తుందా రాదా అన్నట్టు పైకి చూస్తుంటాయి. కాసేపటికి జగపతి చెయ్యి లాక్కుని నవ్వాడు.

"ఇంకో పార్టీ ఉన్నది భాయ్. గాయిన గూడ మోజు మీదున్నడు. ఆలోచించుకోండ్రి."

ఇంకో పార్టీ! అమ్మేవాళ్ళందరికీ ఒక ఇంకో పార్టీ ఉంటుంది. నమ్మలేదు.

డిసెంబర్ 17

ఇంకో పార్టీ నిజమేనట. నేను లక్షా అరవై అంటే వాడు అరవై ఐదు అన్నాడట. ఎవడో వాడు. వాడి బండి నాలుగు టైర్లూ ఒకేసారి పంక్చరు కావాలి.

డిసెంబర్ 20

యాడి ఒకరోజు మా ఇంట్లో, ఒకరోజు అన్న ఇంట్లో తింటుంది. ఇవాళ మా వంతు. జొన్నరొట్టె తుంచుతూ అడిగింది.

"జీపు కొంటున్నవట?"

"ఆ."

"ఎవ్వలకు చూపిచ్చినవ్?"

"నాకు కండ్లు లెవ్వా?"

"ఉన్నయి. వాగుల పడ్డనాడు గూడ ఉండె."

నేను లేచి బయటికి పోయాను. పొయ్యి దగ్గర ఉమ నవ్వు ఆపుకోవడం చూశాను. నాకు ఆడవాళ్ళతో వాదించే అలవాటు లేదు. ఇంతకూ యాడికి జీపు సంగతి ఎవరు చెప్పారు? నేను చెప్పలేదు.

డిసెంబర్ 24

రాష్ట్రం పోయింది. నిన్న రాత్రి ఢిల్లీవాళ్ళే మాట మార్చారు. ఇంకా చర్చలు జరపాలట. ఇవాళ మళ్ళీ అన్నీ బంద్, రోడ్ల మీద మంటలు. చదువుకునే పిల్లలు ప్రాణాలు తీసుకుంటున్నారని టీవీలో చెబుతుంటే ఉమ టీవీ కట్టేసి, అన్నం పళ్ళెం పక్కకు జరిపింది. నాకూ అన్నం సహించలేదు.

మధ్యాహ్నం ఖదీర్ భాయ్ ఫోన్ చేసి జగపతి లక్షా యాభైకి దిగాడన్నాడు. ఎగిరి గంతేశాను. గంతేసిన తర్వాత సిగ్గేసింది. ఊరంతా ఏడుస్తుంటే నేను ఇరవై వేలు మిగిలాయని గంతేశాను. ఎవరైనా చూశారేమోనని అటూ ఇటూ చూశాను. గోడ మీద నుంచి అన్న కొడుకు హరీశ్ చూస్తున్నాడు. వాడికి చాక్లెట్ కొనుక్కోమని రూపాయి ఇచ్చాను.

డిసెంబర్ 27

ఇంకో పార్టీ మళ్ళీ పెంచాడు! లక్షా డెబ్బై! రాష్ట్రం వచ్చినప్పుడు పెంచాడంటే అర్థముంది. రాష్ట్రం పోయినా పెంచేవాడు ఏం తింటున్నాడు? పొద్దంతా ఢిల్లీవాళ్ళను తిట్టుకుంటూ తిరిగాను. ఢిల్లీవాళ్ళ వెనక ఇంకెవడో ఉన్నాడని నాకు ముందునుంచీ అనుమానమే.

జనవరి 2, 2010

ఈసారి దుకాణం వాళ్ళు డైరీ ఇవ్వలేదు. బంద్‌ల వల్ల అచ్చు కాలేదట. పోయిన ఏడాది ఫిబ్రవరి పేజీలు ఖాళీగా ఉన్నాయి, వాటిలో రాస్తున్నాను.

ఎద్దుల్ని అమ్మేశాను. అంగడిలో ఖదీర్ భాయే బేరం చేశాడు. కొత్తవాడు తాడు పట్టుకుంటే ఎర్రది కదల్లేదు, నావైపు చూసి నిలబడింది. వీపు మీద తట్టి తోలాను. ఇంటికొచ్చేసరికి ఉమ పాత ట్రంకు పెట్టె దించి దుమ్ము దులుపుతోంది. హైదరాబాద్‌కు కాదుగా అన్నాను. ఊరికే దులుపుతున్నా అంది.

జనవరి 5

ఇంకో పార్టీ ఎవరో తెలిసింది.

ఖదీర్ భాయ్ చెప్పకూడదనుకుంటూనే చెప్పాడు. "తప్పుగ అనుకోకు శివాజీ. గాయిన మీ ఇంటి మనిషే. మీ అన్న."

అన్న. నా అన్న. ఒకే పళ్ళెంలో తిని పెరిగిన అన్న. భూపాలపల్లిలోనే ఉన్నాడు కాబట్టి పొద్దునా సాయంత్రం పోయి జగపతికి ఆశ పెడుతున్నాడు. నేను జీపు కొని మేడారం తోలితే చూడలేకపోతున్నాడు. వాచ్‌మన్ అయితే చూడగలడు. అప్పుడు హైదరాబాద్ వచ్చి గేటు ముందు నిలబడి, తియ్యరా అంటాడు. ముందటేడాది ఒక జీపు ముంచింది చాలక రెండోది కూడా ముంచుతున్నాడు. నేను ఎద్దుల్ని అమ్మానని తెలిసి కూడా తగ్గలేదు. ఎర్రదంటే ఆయనకు నా కంటే ఎక్కువ ఇష్టం, అయినా తగ్గలేదు.

గోడ మీద ఇటుక పెట్టి గట్టిగా కొట్టాను. యాడి అటునుంచి, "ఏందిరా లొల్లి?" అంది. ఎలుక అన్నాను.

జనవరి 6

లక్షా తొంభై అయినా సరే. కొంటాను. ఆ జీపులో ఆయన ఇంటి ముందు నుంచి పోతూ హారన్ కొడతాను.

జనవరి 7

కొంటాను.

జనవరి 9

జరిగింది జరిగినట్టు రాయాలి.

జగపతికి విసుగొచ్చిందట. ఇద్దరూ ఒకేసారి రండి, ఎవరు ఉంటారో ఎవరు తప్పుకుంటారో తేల్చుకోండి అన్నాడు. వేలంపాటల్లో ఇది మామూలే. ఉండేవాడు తప్పుకునేవాడికి కొంత ఇస్తాడు, దాన్ని గుడ్‌విల్ అంటారు. ఖదీర్ భాయ్‌తో కలిసి భూపాలపల్లి పోయేసరికి అన్న అక్కడే ఉన్నాడు. జీపుకు అటు చివర నిలబడి బొగ్గు కుప్పల వైపు చూస్తున్నాడు. గడ్డం తెల్లబడింది. చిక్కిపోయాడు. నాకు అది నచ్చలేదు. నచ్చకపోయినా కోపం తగ్గలేదు.

"మాట్లాడుకోండ్రి మరి" అన్నాడు జగపతి.

నేను ఆకాశం చూశాను. అన్న నేల చూశాడు.

"వీళ్ళకు మాటల్లేవు సేటు" అన్నాడు ఖదీర్ భాయ్.

"మాటల్లేకుంట బేరం ఎట్లయితది?"

"ఎడ్లకు మాటలొస్తయా? వాటి బేరాలు అయితలెవ్వా?" అని ఖదీర్ భాయ్ భుజం మీది తువ్వాల తీశాడు. నా కుడిచెయ్యి, అన్న కుడిచెయ్యి పట్టుకుని దగ్గరికి చేర్చి, పైన కప్పేశాడు.

ఏడాదిన్నర తర్వాత అన్న చెయ్యి తగిలింది. ఒక వేలు ఆయన అరచేతిలో పెట్టాను. పది వేలు తీసుకుని తప్పుకో అని. ఆయన దాన్ని వెనక్కి నెట్టాడు. రెండు పెట్టాను. నెట్టాడు. నా ఒళ్ళు మండింది. మూడు పెట్టాను. ఎద్దులమ్మిన డబ్బులో ఇక మిగిలేది ఏమీ లేదు. అప్పుడు అన్న నా వేళ్ళు వదిలేసి మణికట్టు పట్టుకున్నాడు.

అంగడిలో మణికట్టుకు ధర లేదు. ఎవరూ మణికట్టు పట్టుకోరు. లాగాను, వదల్లేదు. ఇంకా గట్టిగా పట్టుకున్నాడు.

"ఓరి గాడిదా" అన్నాడు మా భాషలో, జగపతికి అర్థం కాకుండా. "ఈ బండి వద్దురా."

నేను జగపతి వైపు చూశాను.

"క్వారీ గుంతల పడ్డది ఈ బండి. నా కండ్ల ముంగటనే పడ్డది. ముందు ఇరుసు పగిలితే అతుకేసి, మీదికెళ్ళి రంగు పూసిండ్రు. జనాన్ని ఎక్కించుకొని వాగుల దిగినవనుకో, చక్రం ఊడుతది. ఆడనే పోతవ్. నీతోటి వాళ్ళు గూడ పోతరు."

"మరి నువ్వెందుకు కొంటున్నవ్?"

"నేనేడ కొంటున్న? నీ ఫోన్ మాటలు గోడ అవతలికి వినవడ్డయి. నీకు అందకుండ పెంచుతున్న!"

"నీ కాడ పైసలున్నయా?"

"ఒక్క రూపాయి లేదు. నువ్వు ఎప్పుడు తప్పుకుంటవో, నా మెడకు ఎప్పుడు పడతదో అని నిద్ర పడ్తలేదురా నెల దినాల సంది."

"నాకొక్క మాట చెప్తే అయిపోవు గదా!"

"మనకు మాటల్లేవు గదా!" అని అరిచాడు.

గట్టిగానే అరిచాడు. గనుల దగ్గర లారీలు కడుగుతున్నవాళ్ళు కూడా తిరిగి చూశారు. యాడితో అయినా చెప్పించొచ్చు కదా అన్నాను. "నేను వద్దన్నట్టు తెలిస్తే నువ్వు తెల్లారే పోయి కొనకపోదువా?" అన్నాడు. అది నిజమే. ఈ డైరీలో తప్ప ఇంకెక్కడా ఒప్పుకోను.

"ఏందయ్యా, ఏం తేలింది?" అన్నాడు జగపతి.

"ఇద్దరం తప్పుకుంటున్నం సేటు" అన్నాడు అన్న తెలుగులో.

జగపతి ముఖం చూడాలి. ఆయన మా ఇద్దరినీ, మా తండానీ, వచ్చిపోయిన రాష్ట్రాన్నీ కలిపి తిట్టాడు. ఆ తిట్లు ఇక్కడ రాయలేను, వాటికి లిపి ఉంది కాబట్టి. ఖదీర్ భాయ్ తువ్వాల దులిపి భుజం మీద వేసుకుని, "నా కమీషన్ ఇస్తరా, ఇయ్యరా?" అన్నాడు. ఇద్దరం ఒకేసారి ఇస్తామన్నాం.

బస్సులో పక్కపక్కనే కూర్చున్నాం. హన్మకొండ దాకా పోట్లాడుకున్నాం. ఫోర్ వీల్ గేరు వేయనిది నువ్వంటే నువ్వని. కండక్టర్ రెండుసార్లు వచ్చి, మెల్లగ మాట్లాడుకోండ్రి అన్నాడు. మెల్లగా మాట్లాడాలంటే మాకు రాలేదు, ఏడాదిన్నర సరుకు ఉంది లోపల. హన్మకొండ దాటాక నాకు ఏడుపొచ్చింది. బాగా వచ్చింది. కిటికీలోంచి దుమ్ము అన్నాను. అన్న లేచి కిటికీ మూశాడు. మూసినా వస్తూనే ఉంది.

గేరు వేయనిది అన్నే. ఆ ఒక్క విషయంలో మాత్రం నేను తగ్గను.

ఇంటికొచ్చేసరికి ట్రంకు పెట్టె సగం సర్ది ఉంది. ఉమ నన్ను చూసింది, నా వెనక గుమ్మం దగ్గర నిలబడ్డ అన్నను చూసింది. ఇద్దరికీ కంచాలు పెట్టింది.

జనవరి 10

ఇంకా పూర్తిగా తెల్లవారలేదు. తలుపు చప్పుడైంది.

"లేరా. నర్సంపేట దిక్కు ఒక బండి ఉన్నదట. ఎండ రాకముందే పోయి చూద్దాం."

అన్న గొంతు. ఆ తలుపు ఆయన కొట్టి ఏడాదిన్నర అయింది. నేను దుప్పటి కప్పుకుని కదలకుండా పడుకున్నాను. మళ్ళీ కొట్టాడు.

"ఏమయ్యా, వినవడుతలేదా? బావ పిలుస్తున్నడు" అని ఉమ నన్ను పొడిచింది.

వినబడుతోంది. ఇంకోసారి కొట్టనీ అన్నాను.